సీసాలక్క కడిగిన నాచు

ఆ ప్రయోగశాలలో సీసాలక్క తెలియనివాళ్లు లేరు. కన్నవాళ్లు పెట్టిన పేరు హాజరు పుస్తకంలో ఉండేది గాని, అక్కణ్నుంచి ఏనాడూ బయటికి రాలేదు. పంతొమ్మిదేళ్లుగా నేల కింది గదిలో, పెద్ద తొట్టి ముందు నిలబడి, పై అంతస్తుల నుంచి ట్రేలలో దిగే గాజు సామాను కడగడం ఆమె పని. తొట్టి పక్కన మేకులకు అయిదు రకాల బ్రష్షులు వేలాడేవి. అన్నిటికన్నా చిన్నది ఆమె చిటికెనవేలంత ఉండేది. ఏ గొట్టానికి ఏ బ్రష్షో చూడకుండానే చెయ్యి దాని మీదికి పోయేది. కడిగిన సీసాను గోటితో మీటి, ఖంగుమంటేనే అరలో పెట్టేది. కొంచెం మొద్దుగా మోగిందా, మళ్లీ తొట్టిలోకే.

పైన ఎవరు ఏం వెలగబెడుతున్నారో ఆమెకు ఎంగిలి గాజే చెప్పేది.

"మూడో అంతస్తు కళ్లజోడాయన ఇవ్వాళ టీ తాగుతూ పనిచేశాడు," అంది ఒకసారి ట్రే తెచ్చినతనితో.

"నీకెలా తెలుసక్కా?"

"బీకరులో తాగాడు మరి."

ఉద్యోగంలో చేరిన మూడో రోజున ఒక గాజు గొట్టం అడుగున చిటికెడు గులాబీ రంగు నీళ్లు మిగిలి వచ్చాయి. పారబోయబోతూ దాన్ని వెంటిలేటరు వైపు తిప్పింది. గులాబీ మీద నారింజ రంగు భగ్గుమంది. గొట్టం కిందికి దించితే మామూలు గులాబీ. పైకెత్తితే నిప్పు. దించింది, ఎత్తింది, దించింది. ఇక ఉండబట్టలేక, చేతి తడి కొంగుకు తుడుచుకుంటూ, రెండో అంతస్తు దాకా పరుగెత్తింది. అక్కడ నాచు విభాగంలో అప్పుడే కొత్తగా చేరిన డాక్టరమ్మ ఉండేది. సూది మందు డాక్టరు కాదు, చదువు డాక్టరు.

"ఇందులో ఏదో అంటుకుందండీ!"

డాక్టరమ్మ నవ్వింది. కాని కుర్చీ చూపించి మరీ చెప్పింది. "ఇది ఎర్ర నాచులో ఉండే ప్రోటీను. ఫైకోఎరిత్రిన్ అంటారు. సముద్రంలో లోతుకు పోయేకొద్దీ ఎండలోని ఎరుపు ముందు ఆగిపోతుంది, తర్వాత పసుపు. చివరికి మిగిలేది ఆకుపచ్చ, నీలం వెలుతురే. మామూలు ఆకుల్లోని పచ్చరంగుకి ఆ ఆకుపచ్చ వెలుతుర్ని పట్టుకోవడం పెద్దగా చేతకాదు. అందుకని ఎర్ర నాచు దీన్ని ముందు నిలబెట్టుకుంటుంది. ఇది వెలుతురు పట్టి పక్కనున్నదానికి అందిస్తుంది, అది లోపలి పచ్చరంగుకి అందిస్తుంది. అలా చేతులు మారి నాచుకి తిండి తయారవుతుంది."

"మరి గొట్టంలో ఎందుకు మండుతోంది?"

"నాచులోంచి బయటికి లాగేశాం కదా. అందుకోడానికి పక్కన ఎవరూ లేరు. పట్టిన వెలుతుర్ని ఏం చేసుకోవాలో తెలీక బయటికి విసిరేస్తోంది."

"అయ్యో పాపం," అంది ఆమె. కిందికొచ్చి, పని పనే కాబట్టి, ఆ చిటికెడూ తొట్టిలో పోసి గొట్టం కడిగేసింది.

అప్పటినుంచి ఎన్ని చిటికెలు పోసిందో లెక్కలేదు. అడుగున మిగిలింది, గోడకు అంటింది, మూతకు అతికింది — అంతా ఆమె చేతుల మీదుగా పోయింది. నిండు సీసా మాత్రం ఒక్కటి కూడా చేతికి రాలేదు. నిండు సీసాలు కడగడానికి ఎందుకొస్తాయి?

ఆరేళ్ల కిందట నాచు విభాగంలో సాయం చేసే మనిషి ఉన్నపళంగా మానేశాడు. డాక్టరమ్మ కిందికి దిగొచ్చి, "రోజూ రెండు గంటలు పైకి రాగలవా?" అని అడిగింది. అడగడం పూర్తయ్యేలోపు ఆమె మెట్ల మీద ఉంది. పడవవాళ్లు తెచ్చిన నాచును ఉప్పునీళ్లలో జాడించి ఇసుక పోగొట్టడం, సంచుల్లో కట్టి గడ్డకట్టించడం, కరిగాక రుబ్బడం, గుడ్డలో వడగట్టడం, అమ్మోనియం సల్ఫేట్ వేసి రంగును పాలలా విరగ్గొట్టడం, గిరగిర తిరిగే యంత్రంలో పెట్టి అడుక్కి దింపడం — అన్నీ వచ్చేశాయి. అమ్మోనియం సల్ఫేట్‌ని అక్కడ అందరూ ఉప్పు అనే అనేవాళ్లు. రెండు గంటలు కాగానే మళ్లీ కిందికి, బ్రష్షుల దగ్గరికి. రంగు సీసాలోకి ఎక్కే వేళకు ఎప్పుడూ ఆమె తొట్టి దగ్గరే ఉండేది. నోటుపుస్తకంలో సంతకం ఇంకెవరిదో పడేది.

ఇన్నాళ్లకు ఆ విభాగానికి టెక్నీషియన్ ఉద్యోగం ఒకటి మంజూరైంది. చదువు లేకున్నా పదిహేనేళ్ల అనుభవం ఉంటే చాలునన్నారు. వయసు మాత్రం యాభై దాటకూడదు. ఆమెకు నలభైతొమ్మిదేళ్ల పది నెలలు. ఇప్పుడు తప్పితే పదవీ విరమణ దాకా నేల కింది గదే.

దరఖాస్తు పెట్టిన రోజు నుంచి ఇల్లు ఇల్లులా లేదు. కాలేజీలో చదివే కూతురు వంటింటి తలుపు మీద సుద్దతో బొమ్మలు గీసి పాఠం మొదలుపెట్టింది.

"అమ్మా, నెమ్మదిగా. ఫై. కో. ఎరి. త్రిన్."

"ఫైకో... ఎరి... ఫైకోత్రి..."

"ఎరి ఎటు పోయిందమ్మా?"

"ఇక్కడే ఎక్కడో ఉంది, ఉండు."

"ఫైకోఎరిత్రిన్," అంది అత్తగారు మంచం మీంచి, పళ్లు లేని నోటితో, పొల్లు పోకుండా. తల్లీకూతుళ్లు ఇద్దరూ అటు తిరిగారు. "ఏం చూస్తారు? వారం రోజులుగా నా చెవిలో ఇల్లు కట్టుకుని అదేగా పోరు!"

కూతురు స్టూలు మీంచి జారి, నేల మీద కూర్చుని పొట్ట పట్టుకుంది. అప్పటినుంచి అత్తగారు పరీక్షాధికారి హోదా తీసుకుంది. పని చేసే పద్ధతి మొదటినుంచి చివరిదాకా కోడలి చేత రోజూ అప్పజెప్పించుకునేది. ఆవిడకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అయినా తప్పు పట్టేది.

"ఆగు. నిన్న ఇంకా పొడుగ్గా చెప్పావు. మధ్యలో ఏదో మింగేశావు."

చూసుకుంటే నిజంగానే మింగేసి ఉండేది.

పరీక్ష రోజున భర్త స్కూటరు మీద దింపాడు. ఆయన లిఫ్టు మెకానిక్కు, మాటల మనిషి కాదు. గేటు దగ్గర పనిముట్ల సంచీ సర్దుకుంటూ ఒక్కటే చెప్పాడు. "లిఫ్టు ఆగిపోతే లోపలున్నవాళ్లు కంగారుపడి బటన్లన్నీ నొక్కేస్తారు. అది చెయ్యకు."

"నాచుకి బటన్లుండవు."

"ఊరికే చెప్పా," అని ఆయన స్కూటరు తిప్పాడు.

రెండో అంతస్తులో వెలుతురు తగిలితే రంగు చెడుతుందని కిటికీలకు నల్ల తెరలు దించారు. పోటీకి ముగ్గురే. ఒక ఎమ్మెస్సీ అమ్మాయి, ఏదో మందుల కంపెనీలో చేసి వచ్చిన ఒక పొడుగాటి మనిషి, సీసాలక్క. పరీక్ష పెట్టడానికి బయటినుంచి ఒక పెద్దాయన వచ్చాడు. బట్టతల, బుగ్గన పిప్పరమెంటు బిళ్ల, మాట్లాడితే ముందు బిళ్ల కుడి బుగ్గనుంచి ఎడమ బుగ్గకు మారేది. తన విభాగం మనిషి పరీక్షలో ఉంది కనుక డాక్టరమ్మను తలుపు బయటే ఉండమన్నారు. ఆవిడ వరండాలో పచార్లు చేస్తుంటే చెప్పుల చప్పుడు లోపలికి వినబడుతోంది.

"ఒక్కొక్కరికి రెండు వందల గ్రాముల నాచు," అన్నాడు పెద్దాయన. "అయిదు గంటలకల్లా రంగు తీసి నా చేతికివ్వాలి. నలభై మిల్లీగ్రాములకు తగ్గకూడదు. శుద్ధి అంకె ఒకటికి తగ్గకూడదు. రెండూ ఉంటేనే ఉద్యోగం. ఒకటుండి ఒకటి లేకపోతే ఎవరికీ లేదు, మళ్లీ ప్రకటన వేస్తారు."

శుద్ధి అంకె అంటే రంగు చదివే యంత్రం చెప్పే లెక్క. సీసాలో గులాబీ ప్రోటీను ఎంత, దానితో కలిసొచ్చిన చెత్త ప్రోటీను ఎంత అని చూసి, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తుంది. అంకె పెరిగేకొద్దీ రంగు అంత శుభ్రమన్నట్టు.

గడ్డకట్టిన నాచు సంచులు బల్లల మీదికి వచ్చాయి. కరగడానికి ముప్పావుగంట పట్టింది. ఆ ముప్పావుగంటా సీసాలక్క అత్తగారికి అప్పజెప్పినట్టే పద్ధతంతా మనసులో చెప్పుకుంది. ఎక్కడా మింగలేదు. సంచీ విప్పింది. మెత్తబడిన ఎర్ర నాచు చేతిలో పడింది. కొమ్మల మధ్య రెండు మూడు ఇసుక రేణువులు వేళ్లకు తగిలాయి.

అంతే. చెయ్యి పంతొమ్మిదేళ్లుగా ఎటు పోతోందో అటే పోయింది.

మూడు లీటర్ల బకెట్టు కుళాయి కింద పెట్టి మంచినీళ్లు పట్టింది. నాచు అందులో ముంచి జాడించింది, పిండింది, మళ్లీ జాడించింది. కడగడం మొదలుపెడితే ఆమెకు మనసు నిమ్మళిస్తుంది. మెల్లగా కూనిరాగం కూడా తీసింది. ఎంతసేపు కడిగిందో తెలియదు. పక్క బల్ల నుంచి ఎమ్మెస్సీ అమ్మాయి కెవ్వుమంది.

"ఆంటీ! మీ నాచు పచ్చగా అయిపోతోంది!"

సీసాలక్క చేతిలోకి చూసుకుంది. ఎర్ర నాచు కాదది. వాడిపోయిన కొత్తిమీరలా ఆకుపచ్చగా ఉంది. పై ప్రాణాలు పైనే పోయాయి. ఉప్పునీళ్లలో జాడించడం, ఇసుక పోగొట్టడం అంతా గడ్డకట్టించే ముందు చేసే పని. ఒకసారి గడ్డకట్టి కరిగిన నాచులో లోపలి అరలన్నీ పగిలి ఉంటాయి. దానికి మంచినీళ్లు తగిలితే రంగు నిలవదు, జారిపోతుంది. ఎరుపు జారిపోతే అడుగునున్న పచ్చదనం బయటపడుతుంది. ఇవన్నీ ఆమెకు తెలుసు. తెలిసీ కడిగింది.

పొడుగాటి మనిషి మిక్సీ ఆపి మరీ చూశాడు. "కడిగేశారా? గడ్డకట్టిన నాచుని ఎవరైనా కడుగుతారా అండీ?"

"కడిగేవాళ్లు కడుగుతారు," అంది ఆమె.

బటన్లు నొక్కకూడదు. స్టూలు మీద కూర్చుంది. ఎదురుగా బకెట్టు. దాన్ని తొట్టిలో ఒంపలేదు. మొదటి నీళ్లు ఎప్పుడూ ఒంపదు. ఇసుకతో గొట్టాలు పూడుకుపోతాయని, తేరేదాకా పక్కన పెట్టడం ఆమె అలవాటు. బకెట్టులో నీళ్లు బాగానే గులాబీగా ఉన్నాయి. బల్ల మీది టార్చి వెలిగించి పక్కనుంచి చూపించింది.

మూడు లీటర్ల నిప్పు.

ఆమెకు ఒళ్లంతా ఒకలాంటి గిలిగింత పుట్టింది. పోయిందనుకున్నది ఎక్కడికీ పోలేదు. ఇక్కడే ఉంది, బకెట్టులో, మొత్తం. రుబ్బితే పచ్చరంగు, జిగురు, నానా చెత్తా కలిసి వస్తాయి. ఇది రుబ్బలేదు. చెత్తంతా ఆ పచ్చటి పిప్పిలోనే ఉండిపోయింది. వచ్చింది ఒక్క గులాబీయే. మరీ పలచగా ఉంది, అదొక్కటే తంటా. పలచటిదాన్ని ఉప్పుతో విరగ్గొట్టవచ్చు. లీటరుకు మూడు వందల ముప్పై గ్రాములు. మూడు లీటర్లకు ఇంచుమించు కిలో. బల్ల మీద ఇచ్చింది నూరు గ్రాముల పొట్లం.

చెయ్యెత్తింది. "సార్, ఉప్పు ఇంకొంచెం కావాలండీ."

బిళ్ల బుగ్గ మారింది. "ఎంత?"

"కిలోకి నూరు తక్కువ."

పెద్దాయన లేచి వచ్చి బకెట్టులోకి చూశాడు, పచ్చటి పిప్పిని చూశాడు, ఆమెను చూశాడు. నిబంధనల కాయితం తీసి వేలు పెట్టి చదివాడు. "అదనపు ఉప్పు స్టోరు నుంచి చీటీ మీద తీసుకోవచ్చు అని ఉంది. ఎంత అన్నది లేదు." సంతకం చేసి చీటీ ఇచ్చాడు. "స్టోరు ఒంటిగంటకు మూస్తారట. ఇప్పుడు పన్నెండూ యాభై."

స్టోరు ఆవరణ చివర ఉంది. దాన్ని చూసుకునేవాణ్ని గ్రాముగారనేవాళ్లు. ఎవరేం అడిగినా ఒక గ్రాము తగ్గించి ఇవ్వడం ఆయన మతం. అయిదు దూదిపింజలు అడిగితే నాలుగిచ్చి, "ముందు ఇవి వాడండి చూద్దాం," అనే మనిషి. సీసాలక్క, వరండాలో డాక్టరమ్మ "ఏమైంది?" అనేలోపు "కడిగేశానండీ!" అని అరిచి, మెట్లు రెండేసి దిగి దూసుకుపోయింది. డాక్టరమ్మ అక్కడే గోడకు ఆనుకుంది.

గ్రాముగారు తాళం వేస్తున్నాడు.

"మూసేశాం."

"ఇంకా నాలుగు నిమిషాలుంది అన్నయ్యా, తెరువు!"

"ఏం కావాలి?" తాళం తియ్యకుండానే చీటీ అందుకుని చదివాడు. కళ్లజోడు పైకి తోసి మళ్లీ చదివాడు. ఆయన మొహం రంగు మారింది. "అమ్మోనియం సల్ఫేటా? తొమ్మిది వందలా? తొమ్మిది పక్కన సున్నాలు ఎక్కువ పడలేదుగా?"

"లేదన్నయ్యా. నిజంగా తొమ్మిది వందలే."

ఆయన తాళం ఊడబీకినట్టు తీశాడు. ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి, ఆ లోపలికి, వెనక గది మూలకి లాక్కుపోయాడు. అక్కడ దుమ్ముకొట్టుకుపోయి నిలువెత్తు బస్తా ఉంది.

"పదకొండేళ్లయింది తల్లీ! పెద్ద సారు ఎవరో యాభై పొట్లాలని రాయబోయి యాభై కిలోలని రాశారు. గ్రాము గ్రాముగా అడుగుతారు, ఇది తరగదు. ప్రతి ఏడాదీ తనిఖీకొచ్చినవాడు దీన్ని తన్ని, ఇదేంటని నన్ను తిడతాడు. తీసుకో! తొమ్మిది వందలెందుకు, మూడు కిలోలు తీసుకో!"

"మూడు కిలోలు నేనేం చేసుకోను?"

"పోనీ కిలోన్నర!"

"తొమ్మిది వందలే అన్నయ్యా, చీటీలో ఉంది."

"అయ్యో, చీటీ," అని ఆయన దిగాలుపడ్డాడు. తక్కెడలో పోస్తుంటే ముల్లు తొమ్మిది వందల అయిదు చూపించింది. జీవితంలో మొదటిసారి గ్రాముగారు ఎక్కువైంది తీయలేదు. పైగా ఇంకో చెంచా వేశాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎందుకు నవ్వొచ్చిందో ఇద్దరికీ తెలియదు. చిన్నపిల్లల్లా, బస్తాకు అటొకరు ఇటొకరు ఆనుకుని, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. తర్వాత ఆమె పొట్లం ఒళ్లో పెట్టుకుని మళ్లీ పరుగు.

అటు పైన ఎమ్మెస్సీ అమ్మాయికి కష్టమొచ్చింది. మరీ మెత్తగా రుబ్బింది. నాచులోని జిగురంతా ఊరి, వడగట్టే గుడ్డ మీద అంబలిలా కూర్చుంది. చుక్క దిగడం లేదు.

"ఆంటీ, ఇది కదలడం లేదు," అంది ఏడుపు గొంతుతో.

"కొంచెం చన్నీళ్లు పోసి పలచన చెయ్. గుడ్డ పిండకు, జిగురంతా దిగిపోతుంది. దానంతటది దిగనీ."

"పోటీలో నాకు చెప్తున్నారేంటి?" అంది ఆ పిల్ల ముక్కు ఎగబీలుస్తూ.

"గుడ్డ కడగాల్సింది నేనే కదమ్మా. పరీక్ష పోతే."

సీసాలక్క బకెట్టును మంచు మీద పెట్టి, ఉప్పు చెంచా చెంచాగా వేస్తూ కలిపింది. గంట గడిచింది. గులాబీ నీళ్లు మసకబారాయి. మబ్బు పట్టినట్టు రంగంతా దగ్గరకు జేరడం మొదలైంది. తిరిగే యంత్రంలో ఆరు సీసాలు పడతాయి. మూడు విడతలుగా తిప్పింది. ప్రతిసారీ సీసా అడుగున గోరింత ఎర్రటి ముద్ద దిగేది. పైన తేరిన నీళ్లలో రంగు లేదు. చివరికి ముద్దలన్నిటి మీదా కలిపి రెండు చెంచాల కరిగించే ద్రావకం పోసి మెల్లగా తిప్పింది. అంతా కలిసి ఒక చిన్న సీసాలోకి ఎక్కింది.

నిండింది. మూత దాకా.

టార్చి చూపించకుండా ఉండలేకపోయింది. సీసాలో గులాబీ, గులాబీ మీద నారింజ, ఆ వెలుగు వేళ్ల మీద. ఎమ్మెస్సీ అమ్మాయి తన పని వదిలేసి వచ్చి ఆమె భుజం మీద గడ్డం ఆనించి చూసింది. పొడుగాటి మనిషి కూడా మెడ చాచాడు. పెద్దాయన దగ్గి, "ఎవరి చోట్లో వాళ్లు," అన్నాడు గాని ఆయన కళ్లూ అక్కడే ఉన్నాయి.

అయిదు గంటలకు ముగ్గురి సీసాలూ యంత్రం దగ్గరికి చేరాయి. పొడుగాటి మనిషిది ముందు. తొందరలో తెర పక్కకు పోయి గంటసేపు కిటికీ ఎండ తగిలిందట. అంకె సున్నా పాయింట్ ఆరు. ఎమ్మెస్సీ అమ్మాయిది సున్నా పాయింట్ ఎనిమిది. తర్వాత పెద్దాయన సీసాలక్క రంగును చతురస్రపు గాజు గొట్టంలో పోసి జేబురుమాలు తీశాడు.

"జేబురుమాలుతో తుడవకండి సార్!" ఆమె గబుక్కున గొట్టం లాక్కుంది. "పోగులు అంటుకుంటాయి. వేలిముద్ర కూడా ఉంది, చూడండి." మెత్తటి కాయితంతో రెండు ముఖాలూ తుడిచి, అంచులు పట్టుకుని, తనే యంత్రంలో దింపింది.

అంకె వచ్చింది. పెద్దాయన బిళ్ల నమలడం ఆపాడు. గొట్టం తీయించి మళ్లీ పెట్టించాడు. అదే అంకె. మంచినీళ్లు పోసి యంత్రం బాగానే ఉందా అని చూశాడు. బాగానే ఉంది. మూడోసారి పెట్టించాడు.

"ఒకటి పాయింట్ ఏడు నాలుగు," అన్నాడు. "బరువు యాభైఎనిమిది మిల్లీగ్రాములు." కుర్చీ వెనక్కి జరిపి ఆమెను తేరిపార చూశాడు. "రుబ్బకుండా నానబెట్టి తీయాలని మీకెవరు చెప్పారు?"

అబద్ధమాడడానికి అంత మంచి అదను జీవితంలో మళ్లీ రాదు. తలుపు అవతల చెప్పుల చప్పుడు ఆగిపోయింది.

"ఎవరూ చెప్పలేదండీ. మర్చిపోయి కడిగేశాను. నేను సీసాలు కడిగే మనిషిని. చేతిలోకి ఏదొచ్చినా కడిగేస్తాను."

"తర్వాత?"

"తర్వాత చూస్తే రంగంతా బకెట్టులో ఉంది. నాచుని రుబ్బలేదు కాబట్టి చెత్త రాదనిపించింది. ఉప్పు వేస్తే విరుగుతుందని తెలుసు. వేశాను."

"ఎర్ర నాచు ఎందుకు ఎర్రగా ఉంటుందో చెప్పండి."

ఆమె చెప్పింది. లోతులో మిగిలే వెలుతురు, ముందు నిలబడి పట్టుకునే గులాబీ, చేతులు మారుతూ లోపలికి పోయే తీరు. ఫైకోఎరిత్రిన్ అన్న మాట దగ్గర అత్తగారిని తలుచుకుంది, పొల్లు పోలేదు. పెద్దాయన జవాబు పుస్తకం ముందుకు తోశాడు. "పద్ధతి రాయండి. చేసింది చేసినట్టు."

ఆమె రాసింది. పెద్దాయన చదివి, పెన్నుతో ఒక చోట ఆగాడు.

"మొదటి వాక్యంలో 'పొరపాటున' అన్న మాట కొట్టేయండి."

"జరిగింది అదే కదండీ."

"జరిగింది నాకు నోటితో చెప్పారు, విన్నాను. కాని ఈ కాయితం రేపు ఇంకొకరు చూసి చేస్తారు. పొరపాటున ఎలా కడగాలో వాళ్లకు తెలీదు కదమ్మా. ఎన్ని నీళ్లు, ఎంతసేపు, అది రాయండి."

ఎమ్మెస్సీ అమ్మాయి ఫక్కున నవ్వింది. సీసాలక్క ఆ మాట కొట్టేసి, పైన 'మూడు లీటర్ల మంచినీళ్లలో, నాచు పచ్చబడేదాకా' అని రాసింది. కింద పెద్దాయన తన సంతకం పెట్టి, ఎంపికైనవారు అన్న గడిలో ఆమె పేరు రాయబోయి తలెత్తాడు.

"మీ పేరేంటి?"

ఆమె హాజరు పుస్తకంలోని పేరు చెప్పింది. తలుపు తోసుకుని లోపలికొచ్చిన డాక్టరమ్మ, "ఎవరది?" అని ఒక్క క్షణం తికమకపడి, తర్వాత ఆమెను రెండు చేతులా పట్టుకుని ఊపేసింది. పెద్దాయన పిప్పరమెంటు బిళ్లల డబ్బా తీసి బల్ల మీద పెట్టి మూత తెరిచాడు. పొడుగాటి మనిషి రెండు తీసుకున్నాడు.

వరండాలోకి వచ్చి భర్తకు ఫోను చేసింది. తొందరలో ఒకసారి తప్పు నంబరు కూడా నొక్కింది. రెండోసారి ఆయన ఎత్తాడు. ఆయన ఎక్కడో లిఫ్టు గదిలో ఉన్నాడు, వెనక మోటారు హోరు.

"ఎంతొచ్చింది?"

"ఒకటి పాయింట్ ఏడు నాలుగు!"

వెనక మోటారు ఆగింది. ఆపేసినట్టున్నాడు.

"వందకా?" అన్నాడు ఆయన మెల్లగా.

ఆమె నోరు తెరిచింది. ఆయన ఆగలేదు. "పోనీలేవే. వందకి ఒకటిన్నర దాటిందిగా. వాళ్లకేం తెలుసు నీ పని? పంతొమ్మిదేళ్లలో ఒక్క సీసా పగలగొట్టావా? అంత పెద్ద పెద్ద చదువులవాళ్ల మధ్య కూర్చుని పొద్దున్నుంచీ సాయంత్రం దాకా చేశావు, అది చాలు. నాకు మొదట్నించీ తెలుసు, నువ్వు మామూలు మనిషివి కాదు. నేను ఎప్పుడూ చెప్పలేదు గాని..."

పాతికేళ్ల కాపురంలో ఆయన ఇన్ని మాటలు వరసగా అనడం ఇదే మొదలు. సీసాలక్క వరండా గట్టు మీద చతికిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఫోను చెవికి గట్టిగా ఆనించుకుంది. నిజం ఇప్పుడే చెప్పేస్తే ఆయన మళ్లీ నోరు మూసుకుంటాడు.

"ఊఁ," అంది, వీలైనంత దీనంగా. "ఇంకా చెప్పు."